తరాజులో వీడియో గేమ్

మా టీవీ కింది సొరుగులో తాళంచెవులతో, పాత రిమోట్లతో పాటు జానెడు పొడవున్న ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. రెండు చివర్లా రెండు బెజ్జాలు. చేతిలోకి తీసుకుంటే తుప్పు వాసన, దాని అడుగున ఎక్కడో చింతపండు వాసన. చింతపండు సంగతి నా భ్రమ అంటాడు మావాడు. ఈ దసరా సెలవులకు వాడికి గేమ్ మిషన్ కొనిస్తానని నోరు జారాను, అప్పటినుంచి అమీన్‌పూర్‌లోని మా ఫ్లాట్‌లో వేరే మాట లేదు. పోటీపడుతున్నవి రెండు కంపెనీలవి. ఏది మేలో తేల్చడానికి వాడు ఫోనులో చదవని అభిప్రాయం లేదు, చూడని వీడియో లేదు. ఈ సెలవుల్లో పిల్లలు దేనికి ఎగబడతారో ఎవరెవరో నక్షత్రాలు వేసి మరీ తీర్పు చెబుతున్నారు. ఆ పని ఒకప్పుడు మా గల్లీలో నాది. ఎలా మానేశానో ఈ ఇనుప ముక్కకు తెలుసు.

పటాన్‌చెరు బజారులో మా బాపుది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. బతుకమ్మ రోజులు వచ్చాయంటే ఎండుమిర్చి ఘాటు, చింతపండు పులుపు, బెల్లం జిగట, గుమ్మం ముందు బుట్టల్లో తంగేడు పూల పచ్చి వాసన, లోపల అమ్మ సత్తు కోసం వేయించే నువ్వుల కమ్మదనం అన్నీ ఆ పరదా దాటి అటూ ఇటూ తిరిగేవి, సాయంత్రం గాలి కాజీపల్లి వైపు నుంచి మళ్లితే మాత్రం అక్కడి మందుల ఫ్యాక్టరీల ఘాటు వచ్చి అన్నిటినీ ఒక్క గుక్కలో మింగేసేది. బాపుకు ఒక విద్య ఉండేది. బెల్లం ముద్దను అరచేతిలోకి ఎత్తి, కళ్లు సగం మూసి బరువు చెప్పేవాడు. తరాజులో వేస్తే సరిగ్గా అంతే తూగేది. దాన్ని చూడడానికే కొందరు గిరాకీలు అవసరం లేని బెల్లం కూడా కొనుక్కుపోయేవాళ్లు. అప్పుడు బాపు మొహంలో వెలుగు చూడాలి.

నా చిన్నప్పుడు ఒక ఏడు దసరాకు గల్లీలోకి వీడియో గేమ్‌లు దిగాయి. మూలింట్లో ఇంజనీరుగారి అబ్బాయికి అరచేతిలో ఇమిడే బ్యాటరీ ఆట ఉండేది. కరెంటు పోయినా ఆగదు గానీ, వాడు ఆడుతుంటే మిగతా అందరం వాడి వీపు చూస్తూ నిలబడాలి. నా స్నేహితురాలు షాహీన్ వాళ్లది టీవీకి తగిలించేది, పల్చగా, తేలిగ్గా ఉండేది. ఆటలు మూడే, కానీ మీట నొక్కితే బొమ్మ నొక్కినప్పుడే ఎగిరేది, ఇద్దరు కలిసి ఆడొచ్చు. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు, మేమందరం చాచా అని పిలిచేవాళ్లం. ఎవరింటి ఆట గొప్పదని పిల్లల్లో కొట్లాట వస్తే తీర్పు నాదే. అన్నీ ఆడి చూసిన దాన్ని, ఏ ఆటా సొంతం కాని దాన్ని, అందుకని నమ్మేవాళ్లు. నేను షాహీన్ వాళ్లదే అన్నాను, పిల్లలంతా వాళ్ల గుమ్మం ముందు చెప్పులు విడిచి అక్కడే మూగేవాళ్లు. ఒక్క సెలవులకైనా ఆ చెప్పుల గుంపు మా గుమ్మం ముందు ఉండాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను.

ఏడ్చి, అలిగి, అన్నం మానేసి బాపును ఒప్పించాను. ఆయన సంగారెడ్డిలో తెలిసిన దుకాణదారు దగ్గర రెండు డబ్బాలు తెచ్చాడు, నచ్చింది ఉంచుకొని రెండోది వాపసు ఇవ్వాలని బేరం. ఒకటి అచ్చం షాహీన్ వాళ్ల దానిలాంటిది. రెండోది లావుగా, నల్లగా, డబ్బా మీద తొంభై తొమ్మిది వేల ఆటలని రాసి ఉంది. దాన్ని నేను ఎండాకాలం సెలవుల్లో మా మేనత్త ఇంట్లో ఆడి ఉన్నాను. ఉన్నవి అయిదే ఆటలు, పేర్లు మారుతూ తిరిగి తిరిగి అవే వస్తాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా బాపు తరాజు దించి, చెరో పళ్లెంలో చెరో మిషన్ పెట్టాడు. నల్లది ఉన్న పళ్లెం దభీమని కిందికి పోయింది.

"సూడు బిడ్డా, గది ఈక లెక్క లేస్తున్నది. దాంట్ల ఏముంటది? సరుకంటే గిది." బెల్లం బరువు చెప్పినప్పటి వెలుగే ఆయన మొహంలో ఉంది. నేను తలూపాను.

మొదటిరోజు పిల్లలు విరగబడి వచ్చారు. అమ్మ అందరి చేతుల్లో సత్తుముద్దలు పెట్టింది. మధ్యాహ్నానికి ఆటలు అయిపోయాయి, నొక్కిన మీట లోపలికి పోయి పైకి రావడం మానేసింది, బొమ్మ గుంతలో పడ్డాక ఎగరడం మొదలుపెట్టింది. మూడోరోజుకి చెప్పులన్నీ మళ్లీ షాహీన్ గుమ్మం ముందే. నేను ఒక్కదాన్నే కూర్చుని, పరదా అవతల బాపుకు వినపడాలని టీవీ సౌండు పెంచి, రెండు చేతులతో ఇద్దరి మీటలూ నేనే నొక్కుతూ, ఇద్దరి గొంతుల్తో అరుస్తూ ఆడాను. అవతలి నుంచి "మంచిగున్నదా బిడ్డా?" అని అడిగేవాడు. "మస్తున్నది బాపు!" అనేదాన్ని. అంత దిక్కులేనితనం మళ్లీ ఎప్పుడూ ఎరగను.

సద్దుల బతుకమ్మ నాడు మిషన్ ఆగిపోయింది. బాపు చాచాను పిలిచి దాన్ని చూపించాడు. చాచా తన చిన్న స్క్రూడ్రైవరుతో దుకాణంలోనే మూత విప్పాడు. లోపల అగ్గిపెట్టెంత పలక, మిగతాదంతా ఖాళీ, అడుగున రెండు మరలతో బిగించిన ఇనుప పట్టీ.

"సేఠ్, ఇది పనిచేసేది కాదు. ఉత్త బరువు కోసం పెట్టిన్రు," అన్నాడు చాచా మెల్లగా.

బాపు తరాజు దించాడు. పట్టీని ఒక పళ్లెంలో, మిగతా మిషన్ మొత్తాన్ని రెండో పళ్లెంలో పెట్టాడు. పట్టీ కిందికి పోయింది. చింతపండు కోసం వచ్చిన గిరాకీలు చూస్తూనే ఉన్నారు. బాపు నా వైపు తిరిగాడు.

"నీకు ముందుగాల తెల్సా బిడ్డా?"

"నాకేం తెల్సు బాపు," అన్నాను.

ఆ తర్వాత ఆయన చేతిలోకి ఎత్తి బరువు చెప్పడం నేను చూడలేదు. ఎవరైనా అడిగితే "ఎందుకు, తరాజున్నది గదా" అనేవాడు. పట్టీని మాత్రం పొట్లాల కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద పెట్టుకునేవాడు. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ విద్య ఆయనకు మిగిలేది, చెప్పి ఉంటే ఆ పూట వెలుగు ఆరిపోయేది. ఎటు తిప్పినా నాకు ఇప్పటికీ తేలదు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, దాని చోట ఫోన్లు అమ్ముతున్నారు. తరాజు పాత ఇనుప సామాన్లలో పోయింది. షాహీన్ వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. చెప్పుల గుంపు ఏ గుమ్మం ముందూ లేదు, మావాడి స్నేహితులు ఎక్కడివాళ్లక్కడ కూర్చుని కలిసి ఆడుకుంటారట.

నిన్న మావాడు ఫోను తెచ్చి బాపు ముందు పెట్టాడు. ఆయన మాతోనే ఉంటాడు. "తాతా, నువ్వు చెప్పు, రెండిట్ల ఏది?" బాపు రెండు బొమ్మలనూ చాలాసేపు చూశాడు. అలవాటుగా అరచేయి సగం లేచింది, ఎత్తడానికి ఏమీ లేక మళ్లీ మోకాలి మీదికి దిగింది.

"మీ అమ్మనడుగు."

"అమ్మా, చెప్పవా?"

నాకు నిజంగానే తెలియదు. "నాకేం తెల్సురా," అన్నాను.

బాపు ఫోను మీద నుంచి చూపు తిప్పకుండా మనవడితో అన్నాడు. "అప్పుడు గూడ గిట్లనే అన్నది."