నీళ్ల రంగు బోర్డు

మామయ్య ఆఖరుగా రాసిన బోర్డు మా అపార్టుమెంటు లిఫ్టుకి. “లిఫ్టు పనిచేయడం లేదు” అని రాసి, కుంచె గాల్లో ఆపి మెకానిక్‌ని అడిగాడు.

“ఎప్పటిదాకా?”

“ఆదివారం దాకా అనుకో తాతా.”

“నేను అనుకోవడం కాదు. నువ్వు చెప్పు.”

“ఆదివారమే.”

“ఆదివారం వరకు” అని కింద చేర్చి, డబ్బా నీళ్లలో కుంచె జాడించి, లోపలికొచ్చి నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు. లిఫ్టు మాత్రం అన్న మాట ప్రకారం ఆదివారానికి బాగైంది.

అది ఆయన పద్ధతి. ఎప్పటికీ ఉండాల్సిన బోర్డుకి వానకి చెదరని ఎనామిల్ రంగు. కొన్నాళ్ల ముచ్చటకి నీళ్ల రంగు, కింద గడువు. గడువు చెప్పనివాడికి రాసేవాడు కాదు. “భారీ తగ్గింపు”కి గడువెందుకన్న బట్టల కొట్టాయనతో, “అయితే అది తగ్గింపు కాదు బావా, నీ అసలు ధర” అని కుంచె సర్దుకుని వచ్చేశాడు.

నా చిన్నప్పుడు మా ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ వారంలోనే మామయ్య తమ్ముణ్ణి, మా చిన్నమామయ్యని, బళ్లో పాఠం చెబుతుండగా పట్టుకుపోయారు. నేరమేమిటో చెప్పలేదు. లాయరు మా ముందుగదిలో కూర్చుని అమ్మమ్మకి నెమ్మదిగా వివరించాడు.

“ఈ అత్యవసర ఉత్తర్వు ఉన్నంతకాలం, ఎందుకు పట్టుకున్నారని కోర్టు కూడా అడగడానికి లేదమ్మా.”

“మరి ఎప్పటికి పోతుందది?”

“దానికీ గడువుంటుంది. పొడిగించకపోతే తనంతట తనే పోతుంది. కానీ ఆ తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? జనం అలవాటు పడిపోతారు. వాళ్లు పొడిగించుకుంటూ పోతారు.”

గుమ్మంలో కుంచెలు తుడుచుకుంటూ మామయ్య అంతా విన్నాడు.

మర్నాడు తాలూకా ఆఫీసు నుంచి కబురొచ్చింది. అదే ఉత్తర్వు కింద, నలుగురికి మించి గుమిగూడరాదని చౌరస్తాలో బోర్డు పెట్టాలట.

“తమ్ముణ్ణి ఎత్తుకుపోయినవాళ్లకి బోర్డు రాస్తావురా?” అంది అమ్మ.

“రాస్తానక్కా. ఇంకొకడైతే గడువు వేయడు.”

అక్కడి ఆఫీసరు ఎండైనా వానైనా గొడుగు వదలడు. ఊళ్లో ఆయన పేరే గొడుగు దొర. “ఎనామిల్‌తో రాయవయ్యా, గట్టిగా ఉంటుంది” అన్నాడట.

“కాగితంలో తాత్కాలికం అని ఉందిగా సార్. ఎనామిల్ కావాలంటే ఇది ఎప్పటికీ ఉంటుందని ఒక్క ముక్క రాసివ్వండి.”

దొర కాసేపు గొడుగు పిడి నిమురుకుని, “సరే, నీ పద్ధతిలోనే కానివ్వు” అన్నాడు.

వాన పడ్డప్పుడల్లా బోర్డు కడుక్కుపోయేది. మళ్లీ పిలిచేవారు. మామయ్య మళ్లీ అడిగేవాడు: “ఎప్పటిదాకా సార్?” దొర లోపలికెళ్లి, కాగితం వెతికి, తేదీ చూసి వచ్చేవాడు. పక్కనే కొట్ల చూరు కింద అంత చోటుండగా బోర్డుని నడిరోడ్డున పెట్టిస్తాడని మామయ్యకి నవ్వు. “తనకేమో గొడుగు, బోర్డుకేమో వాన. ఆ బుర్రలో ఏముందో” అనేవాడు ఇంటికొచ్చి.

అలా తడిసినప్పుడల్లా తాజాగా మళ్లీ రాసిన తేదీని ఊరు మరిచిపోలేదు. టీకొట్టు దగ్గర, క్షౌరశాలలో, కుళాయి దగ్గర అందరి నోటా అదే తేదీ. గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారీ పొడిగించారు. మూడోసారి తేదీ దాటిన పొద్దున కూడా వాన పడింది.

“ఈసారి ఏ తేదీ వేయను సార్?”

“పై నుంచి కాగితం రాలేదు.”

“మరి ఏం రాయమంటారు?”

“ఏమీ రాయకు.”

మామయ్య తడిబట్టతో బోర్డు శుభ్రంగా తుడిచాడు. చూడ్డానికి నలుగురొచ్చారు, తర్వాత పదిమంది, తర్వాత చౌరస్తా నిండిపోయింది. ఎవరూ చెదరగొట్టలేదు. లాయరు అటునుంచి అటే కోర్టుకి వెళ్లాడు. ఆ వారంలోనే చిన్నమామయ్య గడ్డం పెంచుకుని ఇంటికొచ్చి, అమ్మమ్మ ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాడు.

మామయ్య పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో గొడుగు దొర కూతురు ఉంది. దొర పోయి చాలా ఏళ్లయింది. లిఫ్టు బోర్డు మీద మామయ్య గీసిన అక్షరాల వంక చూస్తూ ఆవిడ మామూలుగా అంది:

“ఆ రోజుల్లో మా నాన్న పొద్దున్నే డాబా ఎక్కి మబ్బులు చూసేవారు. వానొచ్చేలా ఉంటే చాలు, బోర్డుని చూరు కింద నుంచి బయట పెట్టమని బంట్రోతుకి కబురు పంపేవారు.”