మూడో పిలుపు

మా ఆదివారం ఆట గురించి చెప్పాలంటే నాకిప్పటికీ కాస్త సిగ్గే. నలభై దాటిన టీచరమ్మ పాచికలూ నోటుబుక్కూ ముందేసుకుని లేని రాజ్యాల గురించి గొంతు మార్చి చెబుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ ఇనుప గనుల కిరందుల్ టౌన్‌షిప్‌లో, వానాకాలం మధ్యాహ్నం, గోడల మీద ఎర్రనీళ్లు కారుతుంటే ఇంకేం చేయమంటారు? కథ చెప్పేది నేను. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. పాత్ర ఏం చేయాలన్నది వాళ్లిష్టం, అది జరుగుతుందా లేదా అన్నది పాచిక ఇష్టం. నా పాచిక మాత్రం అట్టముక్క చాటున వేస్తాను. దాన్ని ఎవరూ చూడకూడదు, ఎంత పడిందని అడగకూడదు. నేను చెప్పిందే జరిగినట్టు.

మొదట ఆడేవాళ్లు ఇద్దరే, మా బడి లెక్కల మాస్టారు, పై క్వార్టర్ ఆవిడ. తర్వాత ఆస్పత్రి నర్సు చేరింది. ఆమెది ఎర్రబోరు అనే ఊరి దగ్గర పల్లె. ఆరేళ్ల కిందట ఆమె అన్న తునికాకు కోతకని అడవిలోకి వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు, కబురూ లేదు. వాళ్ల ఊళ్లో పోయినవాళ్లకి రాయి నిలబెడతారు. ఈసారి పంట ఇంటికి రాగానే అతనికీ నిలబెట్టేయాలని పెద్దలు పట్టుబడుతున్నారు. తల్లి మాత్రం "చదువుకున్నదానివి, వాడు ఉన్నడో లేడో నువ్వే చెప్పు" అని కూతురి మీద పెట్టింది. చెప్పలేక ఆమె ఇంటికి వెళ్లడమే మానేసింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, మనసు మళ్లుతుందిలే అని ఆటలోకి లాక్కొచ్చాను.

ఆమె తెచ్చిన పాత్రని చూసి తల పట్టుకున్నాను. నదికి అవతలి ఒడ్డు కనపడే ఊరి మనిషట. ఆ జాతికి కట్టుబాట్లు ఎక్కువ. మూడుసార్లు పిలిస్తే తప్ప పలకరు. ఇంట్లోంచి వెళ్లినవాళ్లు వచ్చేదాకా వాళ్ల వంతు విస్తరాకు వేస్తూనే ఉంటారు. ఆమె పాత్రకీ నది దాటి వెళ్లిన అన్న ఒకడున్నాడు. మొదటి ఆదివారమే కోట ద్వారం దగ్గర కాపలావాడు ఒకసారి పిలిచాడు, రెండోసారి పిలిచాడు, ఈవిడ పలకలేదు. ఆమెతోపాటు అందరూ చెరసాల్లో పడ్డారు.

"ఇలాగైతే మేం ముసలివాళ్లం అయిపోయేదాకా జైల్లోనే ఉంటామండీ," అన్నారు మాస్టారు.

ఇలాంటి పాత్రని కథలో ఇమడ్చడానికి ఒక సులువైన దారుంది. ఊరు వెలివేసిందనో, కట్టుబాట్లు నచ్చక పారిపోయి వచ్చిందనో రాసేస్తే ఇక అందరిలాంటి మనిషే. అదే చెప్పాను.

"ఎందుకు పారిపోతది అక్కా? అవన్నీ ఇడిసిపెడితే ఆమె దగ్గర ఇంకేముంటది?" అంది.

నాకు ఒళ్లు మండింది. నేను నాలుగేళ్లుగా అల్లుకున్న లోకం, నిన్న వచ్చిన పాత్ర కోసం మార్చాలా? అయినా పంతం కొద్దీ ఆ వారమంతా కూర్చుని రాశాను. ఆ నదికి అవతల ఉండేది చనిపోయినవాళ్లు. వాళ్లకి రెండు పిలుపులకే ఊపిరి సరిపోతుంది. మూడోసారి పిలవగలిగేది బతికున్న మనిషే. అందుకే ఆ ఊరివాళ్లు మూడోదాకా ఆగుతారు. రాసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆమె నా నోటుబుక్కు చదివి తల ఎత్తింది.

"మా అవ్వ గూడ అచ్చం ఇట్లనే చెప్పేది. నీకెవరు చెప్పిన్రు అక్కా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను."

ఆమె నమ్మలేదు. అక్షరాల మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. తర్వాత అడిగింది, "అవతల నుంచి అన్న పిలిస్తే, ఎన్నిసార్లు పిలవాలనేది ఎవరు చెప్తరు? నువ్వా?"

"నేను కాదు, పాచిక. ఒకటో రెండో పడితే పడినన్ని పిలుపులే. మూడు గానీ ఆపైన గానీ పడితే మూడు."

తల ఊపింది. ఆమె ఏం అడుగుతోందో అప్పుడైనా నాకు వెలగలేదు. అంత మొద్దుని.

రెండు వారాల తర్వాత ఆమె పాత్ర నది ఒడ్డుకి చేరింది. బయట వాన, ఇంట్లో కరెంటు లేదు, పట్టపగలే గది మసకగా ఉంది. అట్ట చాటున పాచిక వేశాను. తల ఎత్తి ఆమెని చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, మా వీధి తలుపు వైపు తిరిగి కూర్చుంది. అది ఆడే మనిషి కూర్చునే తీరు కాదు. అప్పుడు అర్థమైంది. తల్లికి చెప్పాల్సిన జవాబుని ఆమె నా పాచికకి అప్పగించింది.

ఆట ఆపేయాల్సింది. ఆపలేదు.

"చెల్లె!" అని పిలిచాను.

ఆమె కదల్లేదు. పై క్వార్టర్ ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది.

"చెల్లె!"

రెండోది నా గొంతులా లేదు. చివర్లో సాగింది, దూరం నుంచి వచ్చినట్టు. నేనలా సాగదీయలేదు. మూడోసారి కోసం ఊపిరి పీల్చుకున్నాను. నా వెనక మూసి ఉన్న బాల్కనీ తలుపు. దాని అవతల, నాతోపాటే, ఇంకెవరో ఊపిరి పీల్చారు.

నేను నోరు మూసేశాను. భయం, మరేం కాదు.

"ఇంకా ఉన్నదా అక్కా?"

"లేదు," అన్నాను.

ఆమె చాలాసేపు వీధి తలుపు వైపే చూసింది. తర్వాత ఒక్కసారిగా భుజాలు వాలిపోయాయి. లేచి అక్కడే గోడకి ఆనుకుని తల్లికి ఫోన్ చేసింది. వాళ్ల దోర్లీ భాషలో మాట్లాడింది, నాకు అర్థం కాలేదు. చివర్లో మాత్రం ఏడుస్తూనే నవ్వింది. "రాయి తెప్పియ్యమన్న అక్కా. అమ్మకి నిద్రన్నా పడ్తది," అంది.

"ఇవాళ ఆట బాగా రక్తి కట్టిందండీ," అన్నారు మాస్టారు.

అందరూ వెళ్లాక అట్ట తీశాను. పాచిక వేసినచోటే ఉంది. మూడు.

పంట ఇంటికి వచ్చాక, రాయి నిలబెట్టే రోజుకి నన్ను పిలిచింది. వెళ్లకుండా ఉండలేకపోయాను. చేలగట్టున, ఇప్పచెట్లకి కాస్త ఇవతల, గుంత తవ్వుతున్నారు. ఎండ బాగా ఉంది. అడవి లోపలి నుంచి ఎవరో పిలిచారు. పేరేమీ లేదు, పిలుపే. గడ్డపార పట్టుకున్నతను చెయ్యి ఆపాడు. మళ్లీ పిలుపు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. నర్సు తల్లి కళ్లు మూసుకుంది. అందరం చాలాసేపు ఆగాం. ఆకు కూడా కదల్లేదు.

"రెండే," అన్నాడు పెద్దాయన.

గడ్డపార మళ్లీ నేలకి తగిలింది. పాచిక సంగతి చెప్పాల్సిన సమయం అదే. నర్సు నా వైపు చూసింది. ఆమె ముఖం అంత తేలిగ్గా ఉండగా ఎప్పుడూ చూడలేదు. నేను చెప్పలేదు. రాయి నిలబడింది.

భోజనాలప్పుడు తల్లి వరసగా విస్తరాకులు వేస్తూ వచ్చి, చివరి ఆకు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. ఆరేళ్లుగా అది కొడుకుది. కాసేపు దాన్ని చూసి నా ముందు పరిచింది.

"ఇయ్యాల్టి నుంచి వాడికి వెయ్య. నువ్వు కూసో బిడ్డా."

కూర్చున్నాను. ఆమె అన్నం పెట్టి, "తిను" అంది. ముద్ద కలిపాను గానీ నోటిదాకా రాలేదు. ఆ ఆకు ముందు నుంచి చూస్తే ఎదురుగా ఇప్పచెట్లే కనిపిస్తున్నాయి. మూడో పిలుపు అటునుంచి ఎలా వస్తుంది, ఆ మధ్యాహ్నం నా గొంతులోనే ఆపేశానుగా.