నేర్చుకుంటే చేసి చూపించు

పోయిన మంగళవారం పొద్దున బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఫోన్ మోగింది. మధిర నుంచి మా ఇంగ్లీషు టీచరమ్మ చెల్లెలు. "అక్క పోయిందమ్మా, నిద్రలోనే. నీకు తప్పకుండా చెప్పమని ఎప్పుడో చెప్పిపెట్టింది" అన్నది. చేట పక్కన పెట్టి కూలబడ్డాను. విచిత్రమేమిటంటే, ఏడుపు కన్నా ముందు ఇంగ్లీషులో 'లర్న్' అన్న మాట గుర్తొచ్చింది. విద్య నేర్చుకున్నా లర్నే, వార్త తెలిసినా లర్నే అని మాకు చెప్పింది ఆమే. ఆ రెండో వాడుక నాకు చిన్నప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

ఎనభైల నాటి సంగతి. ఏన్కూరు నుంచి అడవి వైపు నాలుగు మైళ్లు లోపలికి పోతే మా ఊరు. పది దాకా హైస్కూలుంది గానీ ఇంగ్లీషు చెప్పేవాళ్లు నిలిచేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు దోమల్ని చూసి, బాటను చూసి, మూడు నెలలకే బదిలీ చేయించుకునేవాళ్లు. ఈమె మాత్రం నిలబడ్డారు. నలభై దాటిన ఒంటరి మనిషి, తెల్ల నేత చీర, చంకలో గొడుగు. ఏన్కూరులో గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వచ్చేవారు. ఆమె "వచ్చాడు" అంటే మేము నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. మేము "వచ్చిండు" అంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వేవారు.

శనివారం చివరి పీరియడ్ మా పండగ. బోర్డు ఎడమ మూల ఒక గడి గీసి ఉండేది. అందులో ఒక్కొక్కరం వచ్చి, ఆ వారం ఏం నేర్చుకున్నామో లర్న్ అనే మాట పెట్టి ఒక వాక్యం రాయాలి. రాసింది వెంటనే అందరి ముందు చేసి చూపించాలి. చూపించలేకపోతే వాక్యం తుడిచేస్తారు, అంతే. అడ్డాకులతో విస్తరి కుట్టడం నేర్చుకున్నానని ఒక పిల్ల రాసి, నిలబడ్డచోటే కుట్టి చూపించింది. ఎడ్లకు కాడి కట్టడం నేర్చుకున్నానని రాసిన ఒకడు, కట్టిన ఎడ్లను ఏకంగా వరండా దాకా తోలుకొచ్చాడు. హెడ్మాస్టరు సారు బయటికొచ్చి, "ఏందమ్మా గిది? ఇస్కూలా, అంగడా?" అన్నారు.

"అంగడే సార్. సరుకు చూపించందే మాట కొనం" అన్నారు టీచరమ్మ.

నాకేమో తెలివి ఎక్కువ. "నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను" అని ఇంగ్లీషులో దర్జాగా రాసి కూర్చున్నాను. ఆమె మూలన ఉన్న ఎరువు సంచి తెచ్చి, దాని మీద అచ్చేసింది చదివి అర్థం చెప్పమన్నారు. అక్షరాలు గడగడా చదివాను. అర్థం దగ్గర నా నోరు పడిపోయింది.

"నువ్వు చేసింది స్టడీ అమ్మా. నాటు వేసినట్టు. వడ్లు ఇంటికొస్తేనే లర్న్" అన్నారు నెమ్మదిగా. "అది రోషం గల మాట. చేతగాకుండా పిలిస్తే అలుగుతుంది. అంతవరకూ నేర్చుకుంటున్నానని రాసుకో. అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు." నా వాక్యాన్ని పూర్తిగా తుడవలేదు ఆమె. నేర్చుకున్నాను అన్నదాన్ని నేర్చుకుంటున్నాను అని దిద్ది ఉంచారు. ఆ దిద్దుబాటు మీదే బతుకుతున్నాను ఇప్పటికీ.

నేను పదో తరగతిలో ఉండగా వానలు దంచికొట్టి బాటంతా గుంతలు పడి బస్సు బందయింది. టీచరమ్మ నాలుగు మైళ్లు నడిచి రావడం మొదలుపెట్టారు. రోజూ ఆలస్యమే. కాళ్లు వాచిపోయి, కుర్చీలో కూర్చుంటే లేవలేకపోయేవారు. ఒకరోజు హాజరు పుస్తకం ఇచ్చి రావడానికి పోతే, హెడ్మాస్టరు సారు ఆమెతో అంటున్న మాట చెవిన పడింది. "మీ మధిరల్నే ఖాళీ ఉన్నదట. ఎందుకమ్మా ఈ తిప్పలు? నెల రోజులు ఆలోచించి బదిలీ కాయితం మీద సంతకం పెట్టియ్యండి."

మంచి మాటే. కానీ మా గతేంటి? ఆమె రాకముందు పది రాసిన బ్యాచీ ఇంగ్లీషు టీచర్ లేక ఇంగ్లీషులోనే బోల్తా కొట్టింది. "తప్పినవంటే మిరప చేనుకే" అని మా నాయన ముందే చెప్పిండు, ఆయన అన్న మాట తప్పే మనిషి కాదు.

ఆ శనివారం బోర్డు దగ్గరికి పోయి, "మా టీచర్ మధిర పోతున్నట్టు తెలిసింది" అని లర్న్ పెట్టి రాశాను. "దీన్ని చేసి చూపియ్యాల్సింది మీరే టీచర్" అన్నాను. అనేసి బోరుమని ఏడ్చాను.

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "పోవాలని లేదే పిల్లా. కాళ్లు మాట వినడం లేదు."

"సైకిల్ నేర్చుకోండి!"

క్లాసు గొల్లుమంది. అందరికన్నా ఆలస్యంగా నవ్వింది ఆమే. నవ్వి, సుద్దముక్క తీసుకుని, ఎడమ మూల గడిలో మొదటిసారి తన వాక్యం రాసుకున్నారు, తాను సైకిల్ తొక్కడం నేర్చుకుంటున్నానని.

ఊళ్లో సూదులేసే నర్సమ్మ సైకిలు అడిగి తెచ్చాం. బడి వదిలాక వెనక బీడుగా ఉన్న చెలకలో పాఠం. ఇద్దరు హ్యాండిల్ దగ్గర, ఇద్దరు పక్కన, వెనక క్యారేజీ పట్టుకుని నేను. నలభై దాటిన మనిషి, ఇంగ్లీషు మొత్తం వచ్చిన మనిషి, చిన్నపిల్లలా కేకలు. "ముందుకు చూడమంటావు, నాకు గుంతలే కనపడుతున్నాయే!"

"వదిలేసిన, టీచర్!"

"వదిలేశానని చెప్పకే తల్లీ, చెప్తేనే పడుతున్నా!"

ఎన్నిసార్లు పడ్డారో. మోచేతికి పసుపు పెట్టుకుని మర్నాడు మళ్లీ చెలకలో ప్రత్యక్షం. నేను మాత్రం ఊరుకుంటానా? "లర్న్ రోషం గల మాట టీచర్, గట్టిగ తొక్కుండ్రి" అని అదిలించేదాన్ని. మూడో వారానికి నేను వదిలేసినా తెలియకుండా చెలక చివరి దాకా పోయారు. అక్కడ మావాళ్లు ఎదురు ఉరికి సైకిల్ని పట్టుకున్నారు. ఎప్పుడూ అంతే, ఆమె ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ ఎవరో ఒకరం పట్టుకునేవాళ్లం.

గడువు ముగిసిన సోమవారం ప్రార్థన గంట కొట్టారు. సారు చొక్కా జేబులో కాయితం కనపడుతోంది. టీచరమ్మ జాడ లేదు. జెండా కర్ర ముందు అందరం కుడి చెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ మొదలుపెట్టాం. అప్పుడు వినపడింది సైకిల్ బెల్లు. శనివారం నడిపించుకుపోయిన నర్సమ్మ సైకిలు మీద, కొంగు నడుముకు బిగించి, గొడుగు క్యారేజీకి కట్టి, చెమటతో మెరిసిపోతూ గేట్లోంచి లోపలికొచ్చారు ఆమె. వచ్చి, ఆగలేదు. జెండా కర్ర చుట్టూ ఒక చుట్టు తిరిగారు. రెండో చుట్టులో నా పక్కనుంచి పోతూ, "దిగడం నేర్పలేదు కదే!" అన్నారు.

నిజమే! ఓరి దేవుడా, నెల రోజులు తొక్కడమే నేర్పాం గానీ దిగడం నేర్పలేదు. ప్రతిజ్ఞ సగంలో కదలకూడదు. చాచిన చేతులు చాచినట్టే ఉంచి, నవ్వు బిగబట్టుకుని ప్రతిజ్ఞ చదువుతున్నాం. ఆమె మా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. సారు తల కదలలేదు గానీ కళ్లు ఆమెతో పాటే తిరిగాయి. చివరి మాట అయిపోగానే అందరం ఉరికాం.

"పట్టుకోవద్దర్రా! ఆగండి, నేనే నేర్చుకుంటా!"

ఇంకో రెండు చుట్లు తిరిగి, బ్రేకు నొక్కి, ఒక్క కాలు కింద పెట్టి, గాలిదుమారానికి జొన్న కంకి వంగినట్టు వంగి, నిలబడ్డారు. సారు జేబులోని కాయితం తీసి నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులోనే వేసుకున్నారు. "కానియ్యండమ్మా, ఫస్టు పీరియడ్ మీదే" అన్నారు. ఆ ఏడాది నేను ఇంగ్లీషు గట్టెక్కాను. మిరప చేనుకు సెలవుల్లోనే పోయాను.

బుధవారం మధిరలో అంతిమ ప్రార్థనకు వెళ్లాను. అందరం తలలు వంచి కదలకుండా నిలబడ్డాం. పాస్టరుగారు మెల్లగా చదువుతున్నారు. బయట వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగుతూ వచ్చి, మోగుతూ వెళ్లిపోయింది. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. కిందికి చూసుకుంటే నా కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది.