ఉయ్యాల తిన్న చెదలు

రెండోసారి కూడా కడుపు నిలవక, ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పి పంపించిన వారంలోనే అటక మీది ఉయ్యాలకు చెద పట్టిందని తెలిసింది. మామిడిచెక్క ఉయ్యాల. మా ఆయన పసితనంలో పడుకున్నది. నాకు మొదటిసారి నెల తప్పిందని వినగానే మా అత్త దాన్ని ఊరి నుంచి వ్యాన్‌లో వేయించి కూర్మన్నపాలెం పంపింది. ముందే తెచ్చి పెట్టుకోకూడదని మా అమ్మ గొణిగింది. ఖాళీ ఉయ్యాల ఊపితే అరిష్టమని ఎవరి చేతికీ అందకుండా అటకెక్కించాం. ఊపకపోయినా జరిగేది జరిగింది.

మా ఆయన స్టూలెక్కి దించాడు. ఒక కోడు చేతిలోనే పొడైపోయింది. గోధుమరవ్వలాంటి పురుగులు నేల మీద రాలి, వెలుతురు గిట్టక అటూ ఇటూ పరుగులు పెట్టాయి.

"మందు కొట్టేవోణ్ణి పిలుత్తాను. లేపోతే తలుపులు కూడా తినేత్తాయి," అన్నాడు.

"వొద్దు," అన్నాను.

ఎందుకొద్దో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేదాన్ని. అందరూ నాది దుఃఖమనుకునేవారు. దుఃఖమైతే బాగుండేది. పంటికి మత్తుసూది పొడిచాక బుగ్గ ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను. నా ఇంట్లో ఇంకేదీ చావకూడదని మాత్రం గట్టిగా అనిపించింది.

ఆయన ఒకప్పుడు చేపలు పెంచిన గాజు తొట్టె వెనక వరండాలో ఖాళీగా పడి ఉంది. అందులో తడిమట్టి పోసి, ఉయ్యాల ముక్కలు విరిచి పేర్చి, పురుగుల్ని చేటలోకెత్తి వదిలాను. పైన చిల్లుల మూత, చుట్టూ నల్లగుడ్డ. ఆయన రోజూ దాన్ని తప్పుకుని నడిచేవాడు. ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చి, నల్లధూళి దులుపుకుని, అన్నం తిని పడుకునేవాడు. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో అద్దెకున్న వాళ్ళలా మర్యాదగా బతికేవాళ్ళం.

చెదలు పెంచడం బ్రహ్మవిద్యేమీ కాదు. రోజూ కాసిని నీళ్ళు చిలకరించాలి, అంతే. ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే చస్తాయి. నేను జంక్షన్‌లో కొరియర్ ఆఫీసులో పనిచేస్తాను. అక్కడి చిరిగిన అట్టపెట్టెలు తెచ్చి వేస్తే తినేవి గానీ, వాటికి ఉయ్యాలంటేనే ప్రీతి. గుడ్డ తీస్తే అద్దానికి ఆనుకుని మట్టి సొరంగాలు కనిపించేవి. లోపల ఒకదాని వెనక ఒకటి, చూపు లేని పురుగులు, ఎవరూ చెప్పకుండానే పని చేసుకుపోయేవి. ఒక్కోసారి ఒళ్ళు మండేది, అంత శ్రద్ధ దేనికే మీకు అని. ఉయ్యాల పక్కచెక్క మీద చిలక బొమ్మ చెక్కి ఉండేది. ముందు తోక పోయింది, తర్వాత రెక్క. టీ తాగుతూ చూశాను. బాధ కలగలేదు. అబద్ధమెందుకు, కాస్త హాయిగానే ఉండేది.

వానలు వెనకబట్టేసరికి తొట్టె మధ్యలో మట్టి కుప్పగా లేచింది, బోర్లించిన గిన్నెంత. దీపావళికని వచ్చిన అత్త దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది.

"ఓలమ్మ! ఇంట్లో పుట్ట లేసిందే! నాగులయ్య తనంతట తాను వొచ్చీసినాడమ్మా, నీ కోసం."

"అవి సెదలత్తా. నానే పెంచుతన్నాను."

"పుట్టలో సెదలు కాపోతే ఇంకేటుంటాయి?" అంది.

మాట నిజమే. పుట్టల్ని చీమలు పెడతాయంటారు గానీ, పెట్టేది చెదలే. పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి నేను చెప్పాలా? ఆవిడకు తెలియనిది డాక్టరమ్మ మాట. అది కొడుకూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నెల నెలా ఫోన్ చేసి "ఏటైనా విశేషమా?" అనేది. "ఇంకా లేదత్తా," అనేదాన్ని. ఆవిడ ఇంకో నెల ఎదురుచూసేది.

నాగుల చవితినాడు ఆఫీసుకు సెలవు దొరకలేదు. మధ్యాహ్నం భోజనం వేళ ఇంటికొచ్చేసరికి వరండా అంతా అగరొత్తుల పొగ. నల్లగుడ్డ మడతపెట్టి పక్కన ఉంది. తొట్టెలో పాలు నిలిచి ఉన్నాయి. పాలలో పసుపు, కుంకుమ, చిమ్మిలి ఉండలు, రెండు కోడిగుడ్లు. అత్త కొత్త చీర కట్టుకుని, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, చేతులు జోడించి కూర్చుని ఉంది.

"దా అమ్మా, పుట్టకి దండమెట్టు. మల్లొచ్చే సవితికి నీ సంకన బిడ్డుంటాది."

వద్దని అరవాలనుకున్నాను. ఈలోగానే ఆవిడ వేలితో పాలమట్టి తీసి నా రెండు చెవులకూ రాసింది. చల్లగా తగిలింది. దండం పెట్టాను.

బయటి పుట్టలో పోసిన పాలను భూమి తాగేస్తుంది. గాజు తొట్టెకు అడుగుంటుంది. పుట్ట అన్నాక కింద భూమి ఉంటుందనుకుంది ఆవిడ, అందులో తప్పు పట్టడానికేముంది. ఆవిడ ఊరెళ్ళాక గరిటెతో పాలు తోడాను, పైమట్టి మార్చాను. అప్పటికే పులిసిన వాసన, తెల్లటి బూజు. సొరంగాలు మెత్తబడి కూలిపోయాయి. కదిలేవి రోజురోజుకీ తగ్గి, ఒకనాటికి ఏదీ కదల్లేదు. తొట్టె కడిగి బోర్లించాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు.

నెల తిరిగేసరికి అత్త ఫోన్ చేసింది.

"ఏటైనా విశేషమామ్మా?"

"పురుగులన్నీ సచ్చిపోనాయత్తా."

"ఎలగ?"

"నువ్వు పాలు పోసినావు గదా. మునిగిపోనాయి."

ఎలాగూ నోరు తెరిచాను గనక మిగతాదీ చెప్పేశాను. డాక్టరమ్మ ఏమందో చెప్పాను. ఆవిడ పంపిన ఉయ్యాలను ఆ పురుగులకు వేసింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"కడుపులో పోయినోలకి పేర్లెట్టుకున్నారేటమ్మా, మీరిద్దరూ?" అంది.

"లేదత్తా."

"నానెట్టీసినాను. ఇద్దరికీని. పొద్దుట దీపం ఎట్టినప్పుడు పిలుత్తంటాను."

అప్పుడే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ, ఫోన్లో ఎవరని సైగ చేశాడు. వెళ్ళి ఫోన్ ఆయన చెవికి ఆనించాను.

"మీ అమ్మ. మన పిల్లల పేర్లు సెప్తాది, ఇనండి," అన్నాను.