మధ్యలో ఆపిన గోడ: యేసుబాబుతో అమీర్‌పేటలో ఒక రోజు

మా హాల్లో టీవీ వెనక గోడ మీద పైనుంచి కిందిదాకా ఒక అతుకు ఉంది. నెమలికంఠం రంగు మీద బంగారు మెరుపు వేయించాం. పొద్దున పూట కిటికీలోంచి వెలుగు పక్కగా పడితే ఎడమ సగం ఒక ఇంటిదీ, కుడి సగం ఇంకో ఇంటిదీ అన్నట్టు కనిపిస్తుంది. ఆ అతుకు కోసమే నేను తాడేపల్లిగూడెం నుంచి హైదరాబాద్ వెళ్ళొచ్చాను. ఇంట్లో ఇలాంటి గోడ వేయించుకోవాలని ఉబలాటపడుతున్నవాళ్ళకి పనికొస్తుందని ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. రాసే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ అతుకు పెట్టింది పెయింటర్ కాదు, నేను.

మా పెయింటర్ పేరు యేసుబాబు. పాతికేళ్ళుగా మా ఇంటికి సున్నం దగ్గర్నుంచి ఎమల్షన్ దాకా అతనే వేస్తున్నాడు. ఏటా జనవరిలో వాళ్ళ చర్చి గోడ మీద ఆ సంవత్సరపు వాక్యం రాసేది కూడా అతనే, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మెరుపు గోడ మాత్రం అతనికి మాదే మొదటిది. ఒక శుక్రవారం తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి చక్కగా వేసుకుంటూ వస్తున్నాడు. పదిన్నరకి రాహుకాలం అని నాకు గుర్తొచ్చింది. "గంటన్నర ఆగితే కొంప మునిగిపోదు, దిగి కాఫీ తాగు" అన్నాను. "మధ్యలో ఆపకూడదేమోనండి" అని నసిగాడు. నేను చెప్పడమే గానీ వినే మనిషిని కాదు. నిచ్చెన దిగాడు. పన్నెండు దాటాక మిగతా సగం వేశాడు. సాయంత్రానికి అతుకు తేలింది.

మా తోడికోడలు వరలక్ష్మి తన మేడ మీద వాటా అంతా యేసుబాబు చేతే వేయిద్దామనుకుంది. మా గోడ చూసి మానేసింది. "అతనికి చేతకాలేదు అక్కా" అంటే, "పాపం, కొత్త కదా" అని నేనూ వత్తాసు పలికాను. వీధి చివరికి వినపడేలా మాట్లాడే నా నోటికి ఆ రోజు తాళం పడింది. తను ఇంకో రెండిళ్ళలో చెప్పింది, వాళ్ళూ మానేశారు. ఇలా మూడు నెలలు గడిచాయి. యేసుబాబు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. రంగు లాగే కరణీలూ బ్రష్షులూ సంచిలో కట్టి అటకెక్కించేశాడని అతని భార్య చెప్పినప్పుడు మాత్రం నాకు అన్నం సహించలేదు. మర్నాడే ఇద్దరికీ టిక్కెట్లు తీశాను. "హైదరాబాదులో పని తెలిసినవాళ్ళని అడిగి గోడ సరిచేద్దాం, నువ్వూ రా" అన్నాను. గోడ సంగతి సరే, నేను పాడుచేసిన అతని పేరు ఎలా సరిచెయ్యాలో నాకు తెలీదు. ఆ బెంగతోనే రైలెక్కాను.

బండి ఆరుంపావుకి సికింద్రాబాదులో దించింది. స్లీపర్‌లో మనిషికి మూడు వందలు దాటలేదు. స్టేషన్ నుంచి బయటికి రాగానే మెట్రో ఉంది, బ్లూ లైన్‌లో పావుగంటలో అమీర్‌పేట, టిక్కెట్టు ముప్పై రూపాయలకి అటూ ఇటూ. యేసుబాబుకి మెట్రో కొత్త. అందరూ ఫోన్లు చూసుకుంటుంటే అతను అద్దానికి ముఖం ఆనించి దారి పొడుగునా గోడలే చూశాడు. "ఆ మూడో అంతస్తుది ఇటుక కాదండి, ఇటుకలా వేసిన పెయింటు" అని బేగంపేట దాటాక నాకు చూపించాడు. మూడు నెలల తర్వాత అతను రంగు గురించి నోరు విప్పడం అదే మొదటిసారి, నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఏడింటికి అమీర్‌పేటలో తడి జుట్లతో, వీపున సంచులతో పిల్లలు గుంపులు గుంపులుగా నడుస్తున్నారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి కోచింగులకి పోయేవాళ్ళే అందరూ. గల్లీ మొదట్లో బండి దగ్గర ఇడ్లీ ప్లేటు నలభై, అల్లం చట్నీ అడిగితే రెండోసారి కూడా వేస్తారు. బండి ఆయన మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి, "ఏ కోర్సుకొచ్చిండ్రమ్మా?" అన్నాడు.

"గోడలకి రంగులెయ్యడం నేర్చుకుందామని" అన్నాను.

"గది సుత నేర్పుతుండ్రా ఈడ? నేర్పుతరు, అమీర్‌పేటల నేర్పంది లేదు. జర పూరాగ అడిగినంకనే ఫీజు కట్టుండ్రి" అని యేసుబాబు ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేశాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

పంజాగుట్టలో గోడల అలంకారాలు చూపించే షోరూమ్‌లు పదిన్నరకి గానీ తెరవరు. తొందరపడి ముందే వెళ్ళకండి. రెడ్ లైన్‌లో అమీర్‌పేట తర్వాతి స్టేషనే, పది పన్నెండు రూపాయలతో పోయేది. నేను తెలివి మీరి ఆటో మాట్లాడాను. ఎనభై రూపాయలు, ఇరవై ఐదు నిమిషాలు, అందులో సగం ఒకే చోట. ఆటో అతను ఇంజన్ ఆపేసి, "అక్కా, గీ టైముల నడిచేటోడు నా కన్న ముందల పోతడు" అన్నాడు. "మరి ఎక్కేటప్పుడే చెప్పొచ్చుగా" అంటే నవ్వాడు. మేమూ నవ్వాం.

షోరూమ్‌లో అడుగుపెట్టగానే నాకు మతిపోయింది. పాలరాయి ఉంది, ఎర్ర ఇటుక ఉంది, టేకు చెక్క ఉంది, తుప్పు పట్టిన ఇనుము ఉంది, చూస్తే అన్నీ పెయింటే. పాలరాయి మీద వేలితో కొట్టి చూస్తే డొల్లగా ప్లైవుడ్ చప్పుడొచ్చింది. ఒక గోడకి ఇత్తడి కొక్కెం కనిపిస్తే, చెయ్యి నొప్పెడుతోందని నా సంచి దానికి తగిలించాను. సంచి ధబ్బున కింద పడింది, టిఫిన్ డబ్బా మూత ఊడి గారెలు నేల మీద దొర్లాయి. కొక్కెం, దాని నీడ, కొక్కెం చుట్టూ మరక, మొత్తం బొమ్మేనట. యేసుబాబు గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. షోరూమ్ అమ్మాయి కూడా నవ్వాపుకుంటూ, "రోజుకొక్కరైనా తగిలిస్తరు మేడమ్, ఫికర్ చెయ్యకండి" అని గారెలు ఏరింది.

ఆ అమ్మాయికి మా గోడ ఫోటో చూపించాను. పైపైన సర్దడం కుదరదని, గోడంతా మళ్ళీ చెయ్యాలని చెప్పింది. చదరపు అడుగుకి తొంభై నుంచి మూడు వందల దాకా పడుతుందట. "మీ ఊరికి మా టీమ్‌నే పంపిస్తం మేడమ్, రెండు రోజుల పని" అంది. యేసుబాబు తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. పట్నం నుంచి ఎవరో వచ్చి మా గోడ సరిచేస్తే గోడ బాగుపడుతుంది, అతని పేరు శాశ్వతంగా పోతుంది. అందుకని, "మీ టీమ్ వద్దు తల్లీ, ఈ నమూనా బోర్డులు చేసిన మనిషి ఎవరో చెప్పు చాలు" అన్నాను. అమీర్‌పేట వెనక గల్లీలో యాదగిరి అని పెద్దాయన ఉన్నాడని దారి చెప్పింది. ఈసారి మెట్రోనే ఎక్కాం.

యాదగిరి గారి షెడ్డు ఇరుగ్గా ఉంటుంది, గోడల నిండా నమూనా బోర్డులు వేలాడుతుంటాయి. అరవై దాటిన మనిషి, లుంగీ మీద నలభై రంగుల చుక్కలు. ఫోటో చూడగానే ముఖం చిట్లించాడు.

"అతుకు గిది. సగం ఎండినంక మిగిలింది ఏసినవ్. తడి మీద తడి పడాలె తమ్మీ, గీ మూలకి సురూ చేస్తే గా మూల దాకా చెయ్యి లేపొద్దు. ఫోనొచ్చినా ఎత్తొద్దు. ఎందుకాపినవ్?"

యేసుబాబు గోడ మీది బోర్డుల వైపు తిరిగాడు.

"నిన్నే అడుగుతున్న. ఎందుకాపినవ్? దమ్ము లేకనా?"

"నాదే పొరపాటండి. టైము చూసుకోలేదు" అన్నాడు యేసుబాబు, నా వైపు చూడకుండా.

నా పరువు కోసం, ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు కూడా ఆ తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. "అతను కాదండి, నేను ఆపించాను. రాహుకాలమని నిచ్చెన దింపి కాఫీ తాగించాను. వద్దనే అన్నాడు, నేనే వినలేదు" అన్నాను.

యాదగిరి గారు ఫోటో నాకు తిరిగిచ్చాడు. "రాహుకాలంల సురూ చెయ్యొద్దంటరు గానీ, నడిచే పని ఆపుమని ఎవలు జెప్పిండ్రమ్మా మీకు?" అన్నాడు. యాభై ఏళ్ళొచ్చాయి, ఆచారం కూడా సరిగ్గా నేర్చుకోలేదు. ముందు యేసుబాబే నవ్వాడు, తర్వాత ముగ్గురం నవ్వాం.

ఆ తర్వాత రెండు గంటలు పాఠం. అతుకుని గరుకు కాగితంతో రుద్ది, గోడంతా అడుగు రంగు మళ్ళీ వేసి, అప్పుడు ఇద్దరు మనుషులు కలిసి చెయ్యాలట, ముందు ఒకరు పూస్తుంటే వెనకే ఇంకొకరు కరణీ లాగుతూ పోవాలి. నాలుగడుగుల బోర్డు ఇచ్చి వెయ్యమన్నాడు. యేసుబాబు చొక్కా చేతులు పైకి మడిచాడు. పాతిక నిమిషాలు తల తిప్పకుండా వేశాడు. యాదగిరి గారు బోర్డుని వాకిట్లోకి తెచ్చి ఎండకి అటూ ఇటూ వంచి చూశాడు. లోపలికి పట్టుకెళ్ళి తన బోర్డుల పక్కన తగిలించాడు. "ఇంటికి తీసుకెళ్దామనుకున్నానండి" అన్నాడు యేసుబాబు మెల్లగా.

"ఇంకోటి ఏసుకో తమ్మీ. గిది పంజాగుట్టకు పంపుత. మస్తుగుంది చెయ్యి" అన్నాడాయన. నేర్పినందుకు ఎంతివ్వాలని అడిగితే, గారెలు మిగిలాయా అని అడిగాడు. కింద పడనివి నాలుగున్నాయి, ఇచ్చాను.

నాలుగింటికి అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫారం మీద వరలక్ష్మికి ఫోన్ చేశాను. యాదగిరి గారి ముందు ఒప్పుకోవడం తేలికే, ఆయన మళ్ళీ కనిపించడు. వరలక్ష్మి రోజూ కనిపిస్తుంది, పైగా జన్మంతా దెప్పుతుంది. రెండు రైళ్ళు వదిలేశాక గానీ నంబరు నొక్కలేకపోయాను. "ఆ అతుకు యేసుబాబు వల్ల కాదు, నేను మధ్యలో ఆపించాను, అతను వద్దన్నాడు కూడా" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను.

"మూడు నెలల్నుంచీ ఎందుకు చెప్పలేదక్కా?"

"సిగ్గేసింది."

"నేను ఊరంతా చెప్పేశానే. ఇప్పుడు నేను ఎంతమందికి మళ్ళీ చెప్పుకోవాలి?" అంది. ఆ తర్వాత, "అతను పక్కనే ఉన్నాడా? ఫోనివ్వు" అంది.

ఇచ్చాను. యేసుబాబు నిలబడిన చోటే వినయంగా వంగి, "ఆయ్... ఆయ్ అండి... అయ్యో, ఎంతమాటండి" అన్నాడు. కాసేపు విన్నాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఫోను భుజానికి నొక్కిపెట్టుకుని అరచేతి మీద గోడ కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాడు. మూడో రైలు కూడా వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.

ఊళ్ళు తిరిగితే కొత్తవి తెలుస్తాయంటారు. నాకు తెలిసింది మా వీధి సంగతే. గోడ మీద మచ్చని ఎవరైనా రుద్ది తీసేస్తారు, మనిషి మీద పడ్డ మచ్చని మాత్రం వేసినవాళ్ళే పోయి తీసిరావాలి. దానికి రెండు టిక్కెట్లు, ఒక ఫోన్ కాల్ అయ్యాయి నాకు. మూడు నెలల క్రితం చెప్పి ఉంటే అవీ అక్కర్లేకపోయేవి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పగలు గోడ మీద వెలుగు పక్కగా పడేటప్పుడు ఫోటో తీసుకెళ్ళండి, ఎదురుగా తీస్తే లోపం కనపడదు. అందులో అతుకు కనిపిస్తే పెయింటర్ని కేకలేసే ముందు, ఆ రోజు అతన్ని మధ్యలో ఎవరు పిలిచారో ఇంట్లోవాళ్ళని అడగండి.