సంతోషంగా ఉన్న గల్లీలో స్వరాజ్యం

శాలువా కప్పడంలో స్వరాజ్యాన్ని మించిన మనిషి అమీర్‌పేటలో లేదు. మడత ఒక్క విదిలింపుతో విప్పేది, రెండు భుజాల మీదా సమానంగా పడేట్టు వేసేది, ఫొటో తీసేవాడు సరే అనేదాకా చేతులు తియ్యకుండా పట్టుకునే ఉండేది. ఆ కాస్త సందులోనే నాయకుడి చెవిలో అసలు మాట వేసేది: "సార్, మా గల్లీకి కొత్త పైపు."

శాలువా ఉన్నది అందుకే మరి. వట్టి చేతులతో వెళ్లి గోడు చెప్పుకుంటే ఏ నాయకుడు ఆగి వింటాడు? ముందు మెడలో దండ, భుజాన శాలువా, పేపర్లో ఫొటో. ఆ మొహమాటంలో ఒక మాట. ఏ కాలనీలో అడిగినా ఇదే పద్ధతి చెబుతారు. సన్మానం చేసేవాళ్లంతా కడుపు నిండి చేస్తున్నారని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఎన్నడూ నల్లా దగ్గర బిందె పెట్టి ఎదురుచూడని వాళ్లే అయి ఉంటారు.

ఆ పైపు కోసం ఆమె అంతగా వెంటపడింది భర్త రాజనర్సయ్య కోసం. సనత్‌నగర్ కార్ఖానాలో వయసంతా మిషన్ల మధ్య నిలబడి ఏ జబ్బూ ఎరగని మనిషి, ఇంటిపట్టున కూర్చున్నాక నల్లా నీళ్లు తాగి కామెర్ల పాలయ్యాడు. ఒకసారి లేచాడు. మళ్లీ పడ్డాడు. పాత పైపు మురుగు మోరీని ఆనుకునే పోతుంది. ఎక్కడ పగిలిందో ఎవరికీ తెలియదు. పొద్దున నల్లా తిప్పితే ముందు వాసన వస్తుంది, తర్వాత నీళ్లొస్తాయి. ఇంకోసారి కామెర్లు వస్తే ఈయన్ని దక్కించుకోలేరని పంజాగుట్ట డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మంచినీళ్ల క్యాన్ తెప్పిస్తానంటే ముసలాయన ఒప్పుకోడు. "నా ఇంట్ల నా నల్లా ఉండంగ నీళ్లు కొనుడేంది?" అంటాడు. ఆమె మరగకాచి, గుడ్డతో వడగట్టి పోస్తుంది. అయినా తాను బజారుకు పోయినప్పుడు ఆయన నల్లా కింద గ్లాసు పెడతాడేమోనని ఆమె ప్రాణం ఇంట్లోనే ఉంటుంది.

అలాంటిది, ఒకరోజు యూసుఫ్‌గూడ వైపు వెళ్తే అక్కడ ఒక సందులో నేల తవ్వి కొత్త పైపులు వేస్తున్నారు. ఆ సందు ఆడవాళ్లు పోయిన ఎండాకాలం ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చుని ఇదే నాయకుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. అది టీవీలో వచ్చింది. స్వరాజ్యానికి తల తిరిగిపోయింది. తిట్టినవాళ్లకు పైపా, శాలువా కప్పినవాళ్లకు మోరీ నీళ్లా?

ఏదైనా తెలుసుకోవాలనుకుంటే నిద్రపోని మనిషి ఆమె. నేరుగా నాయకుడి వెంట తిరిగే అతన్ని పట్టుకుంది.

"మీ గల్లీకేంది పెద్దమ్మా, రిపోర్టు మస్తుగుంది. జనం సంతోషంగ ఉన్నరని వచ్చింది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడతను.

"ఎవడు రాసిండు గా రిపోర్టు?"

పంజాగుట్టలో ఫ్లైఓవర్ పక్క ఆఫీసు అన్నాడు. పేపర్లు, టీవీలు చూసి జనం మనసులో ఏముందో లెక్కకట్టి చెబుతారట. వినేసరికి స్వరాజ్యానికి తన మేడమీది గది గుర్తొచ్చింది. అందులో అద్దెకుండే తణుకు కుర్రాడు ప్రమోద్, చేరిన రోజే "పంజాగుట్టలో పేపర్లు చదివే ఉద్యోగం ఆంటీ" అని చెప్పాడు. జీతమిచ్చి పేపరు చదివిస్తారా అని అప్పుడామె నవ్వింది కూడా.

ఇప్పుడు నవ్వు రాలేదు. మెట్లెక్కి తలుపు తట్టకుండానే లోపలికి పోయింది.

"ఏం ప్రమోదూ, మా గల్లీ సంతోషంగ ఉన్నదని రాసినవంట?"

"నేను రాయలేదు ఆంటీ. లెక్క అలా వచ్చింది."

"లెక్కకు కాళ్లున్నయా, అదే నడిచొచ్చిందా? చూపెట్టు."

చూపించాడు. పేపర్లో, టీవీలో, ఫేస్‌బుక్‌లో వచ్చిన ప్రతి వార్తకూ ఒక గడి. తిడితే ఎరుపు, పొగిడితే ఆకుపచ్చ. వాళ్ల గల్లీ పేరు కింద గళ్లన్నీ ఆకుపచ్చే. ఏది నొక్కినా దండ, శాలువా, పళ్లికిలిస్తూ స్వరాజ్యం.

"ఓరి నీ! గివన్నీ నేను పైపు అడిగిన దినాలురా!"

"అడిగినట్టు పేపర్లో లేదు కదండీ. సన్మానం అని ఉంది. సన్మానమంటే మాకు పాజిటివ్."

"మరి నీకు ముక్కు లేదా? పొద్దుగాల తానం జేస్తవు గద! గా మూలకున్న క్యాన్ ఏంది? నీళ్లు మంచిగుంటే అదెందుకు కొంటున్నవ్?"

ప్రమోద్ క్యాన్ వంక చూడలేదు. "నాకు తెలిసింది రాయకూడదు ఆంటీ. పేపర్లో ఉన్నదే రాయాలి. సొంత మాట కలిపితే రిపోర్టు చెడిపోతుందంటారు. అయినా నాకు తెలిసింది రాయడానికి ఇందులో గడే లేదు."

"కామెర్లు మా ముసలాయనకొస్తే, లోకం పచ్చగ కనబడేది మీ సారుకా?"

"పేపర్లో ఏమొచ్చిందో మేం కరెక్టుగానే చెప్తాం ఆంటీ. దానికి 'జనాభిప్రాయం' అని పేరు పెట్టింది మా పైవాళ్లు."

కుర్రాడు అబద్ధమాడలేదు. ఆమె ఒళ్లు మండింది అందుకే. అబద్ధమైతే చెంప మీద ఒకటిచ్చి కడిగేయొచ్చు. ఒక్కో గడీ నిజమే; అన్నీ కలిపితే ఇంత పెద్ద బూటకం. అచ్చయినదాన్ని చక్కగా కొలిచారు. వాసన అచ్చు కాదు కదా!

ఆ ఆదివారం గల్లీ చివరి పార్కులో కసరత్తు సామాన్లు ప్రారంభించడానికి నాయకుడు వచ్చాడు. కాలనీవాళ్లు ఎప్పటిలాగే శాలువా తెచ్చి స్వరాజ్యం చేతిలో పెట్టారు. ఆమె ప్రమోద్ రెక్క పట్టుకుని వేదిక ఎక్కించింది. నాయకుడు అలవాటుగా మెడ వంచాడు. శాలువా ఆయన ముందు నుంచే పోయి ప్రమోద్ భుజాల మీద పడింది.

"ఎవరమ్మా ఈ పిల్లగాడు?" అన్నాడు నాయకుడు నవ్వుతూ.

"మా మనసుల ముచ్చట మీకు జెప్పేటోడు సార్. నన్నొక్క మాట అడగకుంటనే నేను సంతోషంగున్ననని రాసిండు. జర అడుగుండ్రి, ఇంట్ల ఏం నీళ్లు తాగుతడో." మైకు తీసి కుర్రాడి నోటి దగ్గర పెట్టింది.

ప్రమోద్ చెవులు ఎర్రబడ్డాయి. "క్యాన్ నీళ్లండీ."

"నల్లా నీళ్లెందుకు తాగవు?" స్వరాజ్యమే అడిగింది.

"కంపు కొడతాయండీ."

ఎవరో తెలియక చప్పట్లు మొదలుపెట్టారు, నాయకుడూ కొట్టాడు. "చూద్దాం పెద్దమ్మా" అని కారెక్కాడు.

మర్నాడు పేపరు లోపలి పేజీలో ఫొటో వచ్చింది. శాలువాతో ప్రమోద్, పక్కన చప్పట్లు కొడుతూ నాయకుడు. 'యువ ఉద్యోగికి ఘన సన్మానం.'

స్వరాజ్యం సాయంత్రందాకా ఆగి, మేడ మీదికి పోయింది. "ఏం రంగేసినవ్?"

అతను తలెత్తలేదు. "ఆకుపచ్చ, ఆంటీ."

"మైకుల జెప్పిన ముచ్చట?"

"పేపర్లో రాలేదు కదండీ."

ఆమె గిర్రున తిరిగి మెట్లు దిగుతుంటే, భుజాన క్యాన్‌తో నీళ్లు వేసే హనుమాండ్లు ఎదురొచ్చాడు.

"దించు," అంది.

"పై రూముకు అక్కా."

"ఈ గల్లీ జనం సంతోషంగ ఉన్నరంట. పంజాగుట్టల రాసిండ్రు. సంతోషంగున్నోళ్లకు క్యాన్ ఎందుకు? వాపస్ తీస్కపో. కొత్త పైపు పడేదాంక గీ మెట్లెక్కినవంటే గా క్యాన్ నీ నెత్తిన పగులగొడ్త!"

పైనుంచి ప్రమోద్ పిట్టగోడ మీదికి వంగాడు. "ఆంటీ, తాగడానికి చుక్క లేదండీ!"

"నల్లా ఉన్నది గద బిడ్డా, తిప్పు," అంది స్వరాజ్యం తలెత్తి. "ముందుగాల వాసనొస్తది. జర ఆగు. ఎన్క నీళ్లొస్తయ్."