చెట్లకు చెప్పేసిన చావుకబురు

అన్న పోయాడన్న కబురు వినగానే ఊట్ ఏడవలేదు. కత్తెర కోసం వెతికింది.

ఏడవడానికి తీరిక ఎక్కడిది? ఇంటి చుట్టూ నలభై మూడు మాయ్ పూలచెట్లున్నాయి. యజమాని పోయాడని వాటికి ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పి తెల్లగుడ్డ కట్టాలి. లేదంటే అవి కూడా ఆయన వెనకాలే పోతాయి. చో లాక్ కాలువల వెంట మొక్కలు పెంచుకుని బతికేవాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకోవడంలో పడి చెట్లను మరిచిపోయారు. ఏడాది తిరక్కుండా పన్నెండు చెట్లు ఎండి కట్టెలయ్యాయి. అన్న మైలకని తన తలకు కట్టుకున్న తెల్లగుడ్డను సగం చించి కట్టిన చెట్టు ఒక్కటే మిగిలింది. అదే ఇప్పుడు వాకిట్లో ఉన్న పెద్ద చెట్టు.

ఊట్‌కి అరవై నాలుగేళ్ళు. ఊట్ అంటే కడగొట్టుది, అన్న పేరు తామ్ అంటే ఎనిమిదోవాడు. ఆ దక్షిణాదిలో మనుషులను పుట్టిన వరసతోనే పిలుస్తారు, అసలు పేర్లు కాగితాల్లో ఉంటాయి. ఆమె తొందర గురించి మూడు కాలువల అవతల కూడా చెప్పుకుంటారు. పద్దెనిమిదేళ్ళప్పుడు పెళ్ళిచూపులకని పడవలో ఎవరో వస్తే, మొక్కల కోసం వచ్చారనుకుని వాళ్ళు నోరు తెరిచేలోపే ధర చెప్పేసింది. పాపం మర్యాదస్తులు, రెండు కుండీలు కొనుక్కుని వెళ్ళిపోయారు. తర్వాత మరో సంబంధం కుదరలేదు, ఆమె కూడా పెద్దగా బెంగపడలేదు. వదిన పోయాక అన్నకు వండిపెడుతూ, ఆయన చేత తిట్లు తింటూ, తినకుండా మిగిలినవి తిరిగి ఆయనకే అప్పగిస్తూ ఇరవై రెండేళ్ళు గడిపేసింది.

తామ్ తిట్లు మామూలువి కావు. మనుషులనైతే కాస్త మొహమాటపడేవాడు గానీ చెట్లను మనసారా తిట్టేవాడు. పొద్దున్నే కాగులోంచి నీళ్ళు ముంచి పోస్తూ ఒక్కో చెట్టుకూ దాని తాతముత్తాతలతో సహా వడ్డించేవాడు. చీడ పడితే ఒకటి, కొమ్మ వంకర పోతే ఇంకొకటి. ఆ తిట్ల మధ్యలోనే ఆకు తిరగేసి వేలితో పురుగు తుడిచేవాడు, తీగ చుట్టి కొమ్మను దారికి తెచ్చేవాడు.

ఆ ఏడు పదకొండో నెల చివర్లో ఆయన పిత్తాశయంలో రాళ్ళున్నాయని పెద్దాసుపత్రిలో కోత పెట్టారు. ఊట్ తోడు వస్తానంటే కసిరాడు. "నా మంచం పక్కన కూర్చుని నువ్వు చేసేదేంటే? పండక్కి నెలే ఉంది. చెట్లకు నీళ్ళు పొయ్యి." ఫోన్లు ఇంకా ఊరికొకటి ఉన్న రోజులవి. పన్నెండో నెల విదియ నాడు, బండి మీద మనుషుల్ని చేరవేసే నమ్ ఆసుపత్రి దాకా వెళ్ళి, గుమ్మంలో ఉన్న ఎవరినో తామ్ ఎలా ఉన్నాడని అడిగాడు. తెల్లవారుజామున పోయాడన్నారు. పోయిన మాట నిజమే, కానీ పోయింది పక్క మంచం మీది తామ్. తామ్‌లు లేని కాలువ ఎక్కడుంది? నమ్ నాలుగడుగులు లోపలికి వేసి చూడాల్సింది. చూడకుండా తిరిగొచ్చి, ఎవరికి చెప్పకూడదో వాళ్ళకే ముందు చెప్పాడు.

ఊట్ కొత్త దోమతెరను పట్టీలుగా చించేసింది. ఒక్కో చెట్టుకూ కట్టి, పసిపిల్ల చెవిలో చెప్పినట్టు వంగి, "మీ నాయన పోయాడు, మీరు మాత్రం వెంట పోకండి" అని చెప్పింది. వాకిట్లో పెద్ద చెట్టు దగ్గరికొచ్చేసరికి ఇక ఆగలేకపోయింది. దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది, ఏదో చెప్పుకుంది. ఆ తర్వాత పందిరి వేయించింది, పనసచెక్క శవపేటిక తెప్పించింది, బాకాలవాళ్ళకు కబురంపింది. శవాన్ని తేవడానికి మర్నాడు పడవ పంపుదామనుకుంది. వంటవాళ్ళు నీడ బాగుందని ఆ పెద్ద చెట్టు కిందే మూడు పొయ్యిలు పెట్టి వచ్చినవాళ్ళకు గంజి కాచారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తామ్ మందుల సంచి పట్టుకుని ఇంటికి దిగాడు. గుమ్మంలో పందిరి, బాకాలు, పేటిక. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఒకడు తాను. ఇంకేముంది, పోయింది చెల్లెలే అనుకున్నాడు. కడుపు కుట్లు చేత్తో పట్టుకుని, "ఊట్, ఎంత పని చేశావే, నన్నొదిలి పోయావా!" అని భోరుమన్నాడు.

ఊట్ వంటపాకలోంచి, "వస్తున్నానన్నయ్యా, ఎందుకలా అరుస్తావ్" అంటూ ఎప్పటిలాగే వచ్చేసింది. నాలుగడుగులు వేశాక గానీ విషయం తట్టలేదు. చేతిలో గరిటె జారిపోయింది. బాకాలవాళ్ళు ఏం చెయ్యాలో తోచక పెళ్ళిపాట అందుకున్నారు.

తామ్ అనుకున్నంత గొడవేమీ చెయ్యలేదు. పేటికను వేళ్ళతో తట్టి చూసి చెక్క మంచిదేనని, ఎప్పటికైనా పనికొస్తుందని మూల పెట్టించాడు. తన చావుగంజి తానే రెండు గిన్నెలు తాగాడు. తల తిప్పి పెరడు చూశాకే మొహం మాడిపోయింది.

"చెట్లకు కూడా చెప్పేశావా?"

ఊట్ తల దించుకుంది.

"అన్నిటికీనా?"

"ఒక్కదాన్నీ వదల్లేదన్నయ్యా."

ఆయన తన చేతుల్తోనే నలభై మూడు పట్టీలూ విప్పాడు. అయితే చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి కదా, మెత్తబడిపోయాడు. పైగా అరిస్తే కుట్లు తెగుతాయని డాక్టరు భయపెట్టాడు. చెట్టు చెట్టు దగ్గరా చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, నేను తామ్‌ని. క్షేమంగా వచ్చాను. మీరేం దిగులు పెట్టుకోకండి" అని విన్నవించుకున్నాడు.

పంచమి నాడు పెద్ద చెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది.

మాయ్ చెట్టుకు ఆకు రాలితే మొగ్గ విచ్చుకుంటుంది. అందుకే పున్నమి దాకా ఆగి, చేత్తో ఆకంతా దూస్తారు, అప్పుడే కొత్త ఏడాది వచ్చే టెట్ పండుగ పాడ్యమి పొద్దుటికి చెట్టంతా పసుపుపచ్చగా పూస్తుంది. ఇప్పుడే రాలిపోతే పువ్వు పండక్కి ముందే వచ్చి పోతుంది, పాడ్యమి నాటికి మిగిలేది మోడు. అది చిన్న భయం. నాన్న చెట్లు పన్నెండూ కూడా మొదట ఇలాగే ఆకు రాల్చాయి. ఇది పెద్ద భయం. నాన్న చేతి చెట్లలో మిగిలింది ఇదొక్కటే. తామ్ అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోతుంటే ఊట్‌కి ప్రాణం చివుక్కుమంది.

నమ్ వచ్చి పొయ్యిల సెగ తగిలుంటుందన్నాడు. నువ్వు మాట్లాడకని నలుగురూ వాణ్ణి కూర్చోబెట్టారు. గుడిలో భిక్షువును అడిగితే, పోయినవాళ్ళ మైల తీర్చడం తెలుసు గానీ పోనివాడి మైల తీర్చడం ఏ పుస్తకంలోనూ లేదని చెప్పి టీ పోశాడు.

అష్టమి నాటికి ఊట్‌కి ఒకటి తట్టింది. "అన్నయ్యా, పుట్టి బుద్ధెరిగాక నువ్వెప్పుడైనా దాన్ని అమ్మా అన్నావా? ఎవడో పరాయివాడొచ్చి తామ్‌నని చెప్పుకుంటున్నాడని అనుకుంటోంది. తిట్టు."

"కుట్లు తెగుతాయే."

"దిండు అదిమిపట్టుకుని తిట్టు."

తామ్ కడుపుకు దిండు అదిమి పట్టుకుని మొదలుపెట్టాడు. పనికిమాలినదానా అన్నాడు, ఎండుమొద్దా అన్నాడు, తినడానికి ముందుంటావు పుయ్యడానికి చేతకాదన్నాడు. నొప్పికి మధ్యమధ్య మూలుగుతూ నలభై మూడింటినీ పేరుపేరునా ఉతికాడు. కాలువ అవతలి ఇళ్ళవాళ్ళు బయటికొచ్చి విని, మనిషి నిజంగానే బతికాడని అప్పుడు ధైర్యం తెచ్చుకున్నారు. కుండీల్లో చెట్లు కుదుటపడ్డట్టే కనిపించాయి. పెద్దది మాత్రం వినలేదు. ఏకాదశికి తూర్పువైపంతా బోడి అయిపోయింది.

"నా మాట అది నమ్మదు," అన్నాడు తామ్. "చెప్పింది నువ్వు. నువ్వే పోయి వెనక్కి తీసుకో."

ఊట్ ఒంటికాలి మీద లేచింది. చెప్పింది తాను కాదని, నమ్ అని, ఆ మాటకొస్తే ఆసుపత్రిలో పక్క మంచం మీద ఇంకో తామ్‌ను ఎందుకు పడుకోనిచ్చావని అన్ననే నిలదీసింది. లోపల మాత్రం ఆమెకు సిగ్గుగా ఉంది. మిగతా చెట్లకు చెప్పిన మాట వేరు, ఆ చెట్టుకు చెప్పిన మాట వేరు. అది ఎవరికీ తెలియదు.

ద్వాదశి నాడు అన్న పెరటివైపు వెళ్ళడం చూసి, వాకిట్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని చెట్టు దగ్గరికి వెళ్ళింది. అన్న తిరిగొచ్చి వాకిటి పక్కన కాగుల వెనక వంగి నీళ్ళు తోడుకుంటున్న సంగతి ఆమె చూసుకోలేదు.

"ఇదిగో, విను," అంది చెట్టుతో. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఆయన బతికే ఉన్నాడు. నిన్న పులుసులో ఉప్పు చాల్లేదని గిన్నె నెట్టేశాడు కూడా. ఇంకోటి కూడా వెనక్కి తీసుకుంటున్నా. మిగతావాటిని వెంట పోవద్దన్నాను, నిన్ను మాత్రం పద, మనిద్దరం కూడా పోదాం అన్నాను. అన్నయ్య లేని ఇంట్లో నాకేం పని అనిపించింది. నాకు అన్నిటికీ తొందరే, నీకు తెలుసు కదా. నువ్వు నా మాట పట్టించుకోకు. ఉండిపో."

కాగుల వెనక చెంబు కిందపడింది. తామ్ లేచి వచ్చాడు. చెల్లెలి మొహం చూశాడు, చెట్టును చూశాడు. తిడతాడనుకుని ఊట్ భుజాలు ముడుచుకుంది. ఆయన నోట్లోంచి ఒక్క తిట్టూ రాలేదు. కళ్ళు తుడుచుకుని, ఆ పొయ్యిల బూడిద ఇంకా తవ్వి పారబోయలేదేమని గొణిగి పార తెచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి బూడిదంతా తీసి, చెట్టు మొదట్లో కొత్త ఒండ్రుమట్టి పోసి, చల్లటి నీళ్ళు పట్టారు.

త్రయోదశికి ఆకు రాలడం ఆగింది. పున్నమి నాడు పడమటివైపు మిగిలిన ఆకును అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కొక్కటే మొగ్గ చితక్కుండా దూశారు. బోడి అయిన తూర్పువైపు తొందరపడి పండక్కి వారం ముందే పూసి రాలిపోయింది. పాడ్యమి పొద్దున్న లేచి చూసేసరికి పడమటి కొమ్మలు చివరిదాకా పసుపుపచ్చగా విచ్చుకుని ఉన్నాయి. దారినపోయేవాళ్ళు ఇటు పండగ, అటు మైల అని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ పువ్వు చూడకుండా ఎవరూ కదల్లేదు.

జనం పల్చబడ్డాక తామ్ కొత్త చొక్కాలో చెట్టు కింద కూర్చుని ఊట్‌ను పిలిచాడు.

"ఈసారి నేను పోయినప్పుడు తొందరపడకు. వచ్చి నా మొహం చూడు. చూశాకే దానికి చెప్పు."

"పాడ్యమి పూట చావు మాటలేంటన్నయ్యా? ఏడాదంతా అరిష్టం."

"దాన్ని వెంట రమ్మనకు. నువ్వూ రాకు. తెలిసిందా?"

ఊట్ టీ పోసింది. గిన్నె ఆయన చేతికిచ్చింది. తన గిన్నెలో కూడా పోసుకుని, చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఆలోచించి చెప్తాలే," అంది.